ఏడులో ఎంత?

చిత్తూరు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు,
ఛాతీ గది ముందర కుంటి బల్ల.
నఫీసా అని, కొత్త డాక్టరు పాప
అట్టకు కాగితాలు బిగించుకుని నా పక్కన కూచునింది.
"ముప్పై రెండు ప్రశ్నలు తాతా.
ఒకటంటే శానా కష్టం, ఏడంటే ఏ కష్టమూ లేనట్టు.
ఈ రెండు వారాలు ఎట్లా గడిచిందో
నిదానంగా చెప్పు."

కొలత నాకు కొత్త కాదు పాపా,
నలభై ఏండ్లు బెల్లం వండినోణ్ణి.
పొంగే పెనంలోనుంచి ఒక బొట్టు తీసి
చన్నీళ్లలో వేసి, వేళ్ల నడుమ ఉండ చేసి,
చెంబుకేసి కొట్టి ఆ చప్పుడు విని
దించండ్రా అనేవాణ్ణి.
ఆ దిమ్మెను మండీలో ఏం చూస్తారో తెలుసునా?
రంగు.
తెల్లంగా ఉంటే ఒకటో నంబరు, నల్లబడితే మూడు.
నాలిక మీద పెట్టి చూసినోడు ఒక్కడూ లేడు.

"మెట్లెక్కితే ఆయాసమొస్తుందా?"
ఇక్కడికి ఇరవై రెండు మెట్లు.
ఆరెక్కి గోడ పట్టుకున్నా,
ఇంకో అయిదెక్కి కూలబడినా.
రెండు అంకె చుట్టూ సున్నా చుట్టింది.
అబద్ధమేం కాదు.
కానీ ఆ సున్నా నడిమధ్యన ఒక మాను నిలబడుండాది.

మా ఊరి భారతంలో అర్జునుడి వేషం
పన్నెండేండ్లు నాదే.
అరవై అడుగుల తపసుమాను,
ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం,
రాగం తెగకుండా ఎక్కిపోయేవాణ్ణి.
కింద తడిగుడ్డలతో సాగిలపడిన ఆడోళ్లు
పైనుంచి నేనేసే నిమ్మకాయ కోసం
కొంగులు పరుచుకుని ఉండేవాళ్లు.
గాలి అప్పుడు నా కాడ జీతగాడు.
ఇప్పుడు వాడి వాకిట్లో నేను.

"రాత్రిళ్లు మెలకువ వస్తుందా?"
పండుకుంటే గదా లేచేది.
మూడు దిండ్లు, గోడ, గొంతులో పిల్లికూతలు.
లేచేది మా దేశమ్మ.
నేను కూసినంతసేపూ నిద్రపోతాది.
కూత ఆగిందంటే ఉలిక్కిపడి
నా ముక్కు కాడ వేలు పెట్టి చూస్తాది.
ఆ వేలికి ఎంత వేస్తావు పాపా, ఏడులో?

పెన్ను ఆగింది.
"ఆమెకు ఇందులో ప్రశ్నలు లేవు తాతా."

"పొగకు దూరంగా ఉండావా?"
ఉండా. గానిగ కాడికి పోవద్దన్నారు, పోలేదు.
మొన్న ఇంట్లో కూచునుండగా గాల్లో వాసన,
పాకం ముదిరిపోతా ఉండాది.
దించండ్రా అని అరవబోతే
ఆ మాట దగ్గయి బయటికొచ్చింది.
ఆ పొద్దు వండిన బెల్లం మూడో నంబరుకు పోయింది.
ఇది యాడ రాస్తావో రాసుకో.

"భయమేస్తుందా?"
మందు పంపును చెవి కాడ ఊపి
ఇంకా ఎన్ని గుక్కలుండాయో వింటా ఉంటా.
భయమో, పాతలవాటో.

కూడింది, భాగించింది.
"మూడు పాయింటు నాలుగు.
పోయినసారి రెండు పాయింటు తొమ్మిది.
అర పాయింటు పెరిగితే మందు పనిచేసినట్టే తాతా,"
అని నవ్వింది. మంచి పిల్ల.

ఆ అర పాయింటు యాడుందా అని ఎతికినా.
సోమవారం గడ్డం గీక్కుంటా
మొదటి మెట్టు పద్యం ఎత్తుకున్నా.
రెండు పాదాలు వచ్చినాయి,
మూడోదానికి ఊపిరి చాల్లేదు.
వంటింట్లో సంగటి కెలికే కట్టె
ఉన్నపళంగా ఆగిపోయింది.
అదే అయ్యుండాలి.

కింద మెట్ల కాడ దేశమ్మ,
చేతిలో మందుల సంచి, మొగంలో బడిపిల్లోడి తల్లి.
"ఎన్నొచ్చినాయి? పాసా ఫెయిలా?"

"నీకింకా వినబడతా ఉండా గదా," అన్నా.